సౌండ్ కార్డు పంచాయితీ

పెళ్లికైనా పీర్ల పండుగకైనా అచ్చంపేట చుట్టుపక్కల మైకుసెట్టు పెట్టే దుకాణం మామది. జానపదాలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాలని ఇంట్లో ఒక అర్రను స్టూడియోగా మారుస్తున్నవాడు అల్లుడు. ల్యాప్‌టాప్ ఉంది, మైకు ఉంది. రెంటి నడుమ మంచి సౌండ్ కార్డు కావాలంటాడు అల్లుడు. ల్యాప్‌టాప్‌లో ఒకటి ఉండగా ఇంకొకటి ఎందుకంటాడు మామ. ఇంట్లో పాట పట్టాలనుకునే ప్రతివాళ్లకూ ఎదురయ్యే పేచీయే కనుక, ఇద్దరి మాటా ఉన్నదున్నట్టు ఇక్కడ ఇస్తున్నాం.

అల్లుడు: రేపు పట్నం పోతున్న మామా. కోఠిల ఆడియో ఇంటర్‌ఫేస్ చూసొస్త. రెండు మైకులు పట్టేది, యూఎస్‌బీతోని ల్యాప్‌టాప్‌కు తగిలేది. నీ ఎరుకల మంచి దుకాణం ఉంటె చెప్పు.

మామ: దుకాణాలకేం తక్కువ? గుజరాతీ గల్లీ పొంటి అన్నీ అవే. ముందు నాకొకటి చెప్పు. నీ ల్యాప్‌టాప్‌ల సౌండ్ కార్డు లేదా? లేకుంటె ఇన్ని రోజులు సినిమాలు మూగగ చూసినవా?

అల్లుడు: ఉన్నది. కార్డు అని పేరే గని అదొక చిప్పు. 1989ల సింగపూర్ నుంచి క్రియేటివ్ కంపెనీ సౌండ్ బ్లాస్టర్ తెచ్చినప్పుడు అది నిజంగ కార్డే. కంప్యూటర్ డబ్బా విప్పి స్లాట్ల గుచ్చెటోళ్లు. 1992ల సౌండ్ బ్లాస్టర్ 16 వచ్చినంక సీడీ లెక్కన, 16 బిట్లల్ల, ఇంట్ల కూసొని రికార్డు చేసుకునే వీలైంది. 1997ల ఇంటెల్ ఏసీ97 అని ఒక పద్ధతి పెట్టింది. అప్పటిసంది చిప్పు మదర్‌బోర్డు మీదికే ఎక్కింది, విడిగ కార్డు కొనే పని తప్పింది.

మామ: అగొ, కొనే పని తప్పిందని నువ్వే అంటివి. ఇగ పట్నం పోయి చేసేదేముంది?

అల్లుడు: వినేటోళ్లకు తప్పింది, పట్టేటోళ్లకు తప్పలేదు. ఆ చిప్పు నుంచి బయటికొచ్చే సప్పుడు బాగనే ఉంటది. లోపలికి పోయే తొవ్వనే ఇరుకు. దాని మైకు సాకెట్ ఫోన్ల మాట్లాడే హెడ్‌సెట్ కోసం పెట్టింది. మోనో. లోపలి నుంచి రెండు మూడు వోల్టుల కరెంటు ఇస్తది, చిన్న హెడ్‌సెట్ మైకుకు అది చాలు. స్టూడియో కండెన్సర్ మైకుకు కావలసింది 48 వోల్టులు. నీ అహూజా డైనమిక్ మైకు అసలు కరెంటే అడగది, గని దాని నుంచి వచ్చేది ఒకటి రెండు మిల్లీవోల్టులు. దాన్ని శుభ్రంగ పెద్దది చేసే ఆంప్లిఫైయర్ ఆ చిప్పుల లేదు.

మామ: నోటిమాటలు వద్దు. చూపెట్టు.

అల్లుడు ల్యాప్‌టాప్ తెరిచి ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ నడిపాడు. దుకాణంలోని మైకు ఒకటి, స్విచ్ ఆపి, కన్వర్టర్ పిన్నుతో సాకెట్‌లో గుచ్చాడు. సెట్టింగుల్లో మైక్ బూస్ట్ పూర్తిగా పెంచాడు. ఎవరూ మాట్లాడకుండా పది సెకన్లు రికార్డు చేశాడు. మీటరు అడుగుకు పడిపోవాలి కదా, మైనస్ యాభై దగ్గరే ఊగుతూ నిలబడింది. హెడ్‌ఫోన్ మామ చెవులకు పెట్టి వినిపిస్తే రెండు సప్పుళ్లు. కింద సన్నగా గుయ్యిమంటూ ఒకటి, పైన వాన జల్లులా సర్రుమంటూ ఒకటి. చార్జర్ పీకి మళ్లీ రికార్డు చేస్తే గుయ్యిమనేది పోయింది. సర్రుమనేది పోలేదు.

మామ: దీంట్ల సగం నేరం నీ చిప్పుది కాదు. గుయ్యిమనేది 50 హెర్ట్‌జ్ కరెంటుది. ఎర్తింగ్ సరిగ లేని ఇంట్ల ఏ మిషను పెట్టినా అట్లనే ఏడుస్తది. చార్జర్ పీకితె పోయింది చూసినవా? ఇన్వర్టర్ మీద నడిపితె ఇంక ఘోరం. సర్రుమనేది మాత్రం నీ చిప్పుదే, ఒప్పుకుంట. గని డప్పు దెబ్బ కింద అది ఎవనికి వినపడుతది?

అల్లుడు: డప్పు కింద వినపడది. నేను పట్టాలనుకున్నది డప్పొక్కటే కాదు గద. మన లింగాల మండలం అవుసలికుంట కిన్నెర మొగులయ్యను తీసుకో. 12 మెట్ల కిన్నెర. 2022ల పద్మశ్రీ ఇచ్చిన్రు. భీమ్లా నాయక్ టైటిల్ పాట మొదలయ్యేదే ఆయన గొంతుతోని. ఆ కిన్నెర అంటె ఏంది? వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, సన్నటి తీగెలు. తీగె మీటినంక సప్పుడు బుర్రల మోగి, జివ్వుమని, మెల్లగ ఆరిపోతది. ఆ ఆరిపోయేదాంట్లనే దాని రుచంత ఉంటది. నీ సర్రుమనే సప్పుడు వచ్చి సరిగ్గ దాని మీదనే కూసుంటది.

మామ: కిన్నెర మాట తెస్తివి, ఇగ నేనేమంట? సరే, మైకును ల్యాప్‌టాప్‌ల గుచ్చకు. నా మిక్సర్ ఎందుకున్నది? మైకులు దాంట్ల గుచ్చు, రికార్డ్ అవుట్ నుంచి వైరు తెచ్చి ల్యాప్‌టాప్‌కు పెట్టు. బలం మిక్సరే ఇస్తది. పెట్టె కొనే పని లేదు.

అల్లుడు: చానామంది అదే చేస్తరు. చేసి, పాట పగిలిపోయిందని మొత్తుకుంటరు. మైకు నుంచి వచ్చేది మిల్లీవోల్టులల్ల ఉంటది. మిక్సర్ రికార్డ్ అవుట్ల వచ్చేది వోల్టుల మూడో వంతు, గట్టిగ వాయిస్తె ఇంక ఎక్కువ. అంటె వంద రెండొందల రెట్లు. మైకు కోసం పెట్టిన సాకెట్ల అంత పంపితె పగలక ఏమైతది? లైన్ ఇన్ అని వేరే సాకెట్ ఉంటె సరిపోతుండె. పాత డెస్క్‌టాప్‌లకు నీలం రంగుది ఉంటుండె. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు అది తీసేసిన్రు.

మామ: మిక్సర్ తగ్గించుకుంటె?

అల్లుడు: పగులుడు ఆగుతది. గని సాకెట్ మోనోది గద, రెండు పక్కలు కలిసి ఒకటైతయ్. ఇంకొకటి, గొంతూ కిన్నెరా మిక్సర్ల ఒకసారి కలిసినంక ఎవలు విడదీస్తరు? గొంతు తగ్గిందని ఇంటికొచ్చినంక తెలిస్తె ఏం చేస్త?

మామ: ఇంటికొచ్చినంక తెలుసుడేంది? గొంతెంత, వాద్యమెంత అన్నది పాట నడిచేటప్పుడే చెవి పెట్టి తేల్చాలె. ముప్పై ఏండ్ల సంది బోనాలు, పెండ్లిండ్లు, ఒగ్గు కథలు, ఒక్కటి మల్ల పాడించకుంట చేసిన. తర్వాత దిద్దుకుంట అనుకునేటోనికి ముందు వినుడు అలవాటు కాదు.

అల్లుడు: నీకు ముప్పై ఏండ్ల చెవి మామా. నేనిప్పుడే మొదలుపెట్టిన. నీ పనికి నా పనికి తేడా కూడ ఉన్నది. నీ సప్పుడు ఆ రాత్రికి అయిపోతది, చిన్న తప్పు గాలిల పోతది. నాది ఫైలయి నిలబడుతది. ఊర్లె నాట్లేసే పాటలు పాడే అవ్వ ఒక పొద్దు వచ్చి పాడి పోతది. గొంతు తక్కువ పడ్డదని మల్ల పిలిస్తె వస్తదా? వచ్చినా అదే పాట అట్లనే పాడుతదా? అందుకే గొంతుకొక మైకు, వాద్యానికొక మైకు, రెండూ వేరువేరు ట్రాకుల పడాలె. దానికే పెట్టె.

మామ: ఈ మాటకు విలువున్నది. గని మొన్న నువ్వు ఫోన్‌కు పెట్టుకున్నది కూడ పెట్టెనే గద? మీద రంగు లైట్లు, చప్పట్ల బటన్, నవ్వే బటన్?

అల్లుడు: అది వీ8 అంటరు మామా. లైవ్‌ల పాడేటోళ్లకు, కరోకే యాప్‌లకు పనికొస్తది. పేరు సౌండ్ కార్డే గని రికార్డింగ్ కోసం చేసింది కాదు. దాంట్ల ఎకో పెడితె గొంతుతోని కలిసే ఫైల్ల పడుతది, తర్వాత తీయరాదు. దానితోని ఇచ్చే కండెన్సర్ మైకుకు కూడ 48 వోల్టులు రావు, చిన్న పిన్ను వైరు మీద వచ్చే నాలుగైదు వోల్టులతోనే నెట్టుకొస్తది. రెండు మైకులు గుచ్చినా బయటికి కలిసే వస్తయ్. కొనేటప్పుడు పేరు చూసి మోసపోయేది ఇక్కడనే. మైకు కోసం మూడు పిన్నుల సాకెట్ ఉన్నదా, 48 వోల్టుల బటన్ ఉన్నదా, కంప్యూటర్ల రెండు మైకులు రెండు ట్రాకులుగ కనపడుతున్నయా, ఈ మూడూ అడగాలె.

మామ: 48 వోల్టులంటున్నవ్. ఆ బటన్ నొక్కి నా అహూజా మైకు పెడితె కాలిపోదా?

అల్లుడు: కాలదు. మూడు పిన్నుల వైరుల రెండు తీగెల మీద సమానంగ పోతది, డైనమిక్ మైకు లోపలి చుట్టకు రెండు దిక్కుల ఒక్కటే వోల్టేజీ ఉంటది కాబట్టి కరెంటు పారదు. వైరు లోపల తెగో, పిన్నులు తప్పు అతికో ఉంటేనే భయం.

మామ: వైర్లు నేను అతుకుత. నువ్వు అతికితెనే భయం. సరే, ఎసొంటిది తెస్తవ్?

అల్లుడు: 24 బిట్లు, 192 కిలోహెర్ట్‌జ్.

మామ: ఇప్పుడు దొరికినవ్ చూడు. ఆ రెండు నంబర్లకు అర్థం చెప్పు. డబ్బా మీద రాసింది చదువుడు కాదు.

అల్లుడు: మార్కెట్ యార్డుల పల్లికాయ కాంటా అనుకో. సెకనుకు ఎన్నిసార్లు తూచినం అన్నది శాంప్లింగ్. కాంటా మీద గీతలు ఎంత దగ్గర దగ్గర ఉన్నయ్ అన్నది బిట్లు. 16 బిట్లకు 65,536 గీతలు. 24 బిట్లకు 1 కోటి 67 లక్షల పైన. ఒక్కో బిట్‌కు ఆరు డెసిబెల్స్ లెక్కన, 16 బిట్లకు 96, 24 బిట్లకు 144.

మామ: మరి సెకనుకు 1,92,000 సార్లు తూచి ఏం పట్టుకుంటవ్?

అల్లుడు: పై స్థాయి సప్పుళ్లు. ఎన్నిసార్లు తూస్తె దాంట్ల సగం వరకు పట్టొచ్చు. 192కు 96 కిలోహెర్ట్‌జ్ దాక.

మామ: మనిషి చెవి ఎంత దాక వింటది?

అల్లుడు: మస్తయితె ఇరవై.

మామ: అదీ పిల్లలకు. నా వయసుకు పన్నెండు దాటితె వినపడనట్టె. అంటె 48 పెట్టినా 24 దాక దొరుకుతది, మనిషి చెవిని దాటే పోతది. మిగిలింది గబ్బిలాలకు పట్టుకున్నట్టు. అచ్చంపేట అడవుల గబ్బిలాలు ఉన్నయ్ గని యూట్యూబ్ చూడయ్.

అల్లుడు: నవ్వకు మామా. పైసలు పెడుతున్నప్పుడు పెద్దది తీసుకుంటె ఏం పోతది?

మామ: జాగ పోతది. లెక్క నువ్వే కట్టు.

అల్లుడు: 24 బిట్లు, స్టీరియో. 48ల నిమిషానికి 17 ఎంబీ. 192ల 69 ఎంబీ. నాలుగింతలు. అవును, ల్యాప్‌టాప్ కూడ మొరాయిస్తది. పైగ యూట్యూబ్‌ల ఎక్కించినంక ఆడియోను వాళ్లు పిండి కుదించే ఇస్తరు. వీడియోకు అలవాటైన లెక్క కూడ 48నే. సరే, 192 కోసం వెయ్యి రూపాయలు కూడ ఎక్కువ పెట్టను. గని 24 బిట్లు మాత్రం వదల.

మామ: అదెందుకు? సీడీలు 16తోనే నడిచె గద. నీకు 96 డెసిబెల్స్ చాలవా?

అల్లుడు: వినడానికి చాలు. పట్టేటప్పుడు చాలది. నువ్వు క్యాసెట్ డెక్కు మీద రికార్డు చేసేటప్పుడు ముల్లు యాడ పెడుతుంటివి?

మామ: ఎర్రగీత తాకీ తాకనట్టు. తగ్గిస్తె టేపు సర్రుమంటది. జర దాటినా టేపు ఓర్చుకుంటది, గొంతుకు ఇంత గరుకు తగులుతది, అంతే.

అల్లుడు: కంప్యూటర్ ఓర్చుకోదు. సున్న దాటిందంటె పైనది కోసేస్తది, కోసింది మల్ల అతకదు. కథ చెప్పేటాయన మెల్లగ మొదలుపెట్టి, యుద్ధం ఘట్టం రాంగనే ఒక్కసారి లేచి కేకేస్తడు. 16 బిట్ల కార్డు మీద సప్పుడు సన్నగ పెట్టుకుంటె కింద నలిపినట్టైతది, పెంచుకుంటె కేక పగులుతది. 24 బిట్లల్ల మీటరు మైనస్ 18 దగ్గర నడిపి, కేకకు పైన జాగ విడిచిపెట్టొచ్చు. కింద ఏం నష్టం లేదు. అసలు కార్డులు లోపలి సప్పుడు వల్ల 144 దాక పోవు, 110 చిల్లర దగ్గరనే ఆగుతయ్. అయినా నాకు అది మస్తు.

మామ: ఇది పనికొచ్చే మాట. మొదటి చరణానికి గెయిన్ పెట్టి కూసున్నోడు ఆఖరి చరణంల మునుగుతడు. నేనైతె వాయించేటోళ్లను ముందు గట్టిగ ఒకసారి వాయించమంట, దానికి సరిపడ పెట్టి, ఇంక నాలుగు గీతలు కిందికి దించుత. మైకు చూడంగనే మనిషి ఉషారైతడు, చూడనప్పుడు వాయించినదాని కంటె గట్టిగ వాయిస్తడు.

అల్లుడు: ఇంకొక సంగతి ఉన్నది, అసలుది. ఆలస్యం. తాళం ముందు క్లిక్ పెట్టి రికార్డు చేసి, దాన్ని హెడ్‌ఫోన్ల వింటూ గొంతు పాడాలంటె, పాడేటోని గొంతు కంప్యూటర్ లోపలికి పోయి మల్ల చెవికి రావాలె. కంప్యూటర్ సప్పుడును కొద్దికొద్దిగ మూటగట్టుకొని పని చేస్తది. ఆ మూట 1024 శాంపిళ్లు ఉంటె 48 కిలోహెర్ట్‌జ్ మీద 21 మిల్లీసెకన్లు. పోయేటప్పుడు అంత, వచ్చేటప్పుడు అంత. తన గొంతు తనకే వెనకవడ్డట్టు వినపడి పాటగాడు తడబడుతడు. 256 శాంపిళ్లకు దించితె ఐదు మిల్లీసెకన్లే. గని విండోస్‌ల మామూలు తొవ్వల అంత తగ్గిస్తె సప్పుడు చిట్‌చిట్‌మని తెగుతది. 1997ల జర్మనీ కంపెనీ స్టైన్‌బర్గ్ ఆసియో అని దగ్గర తొవ్వ వేసింది. మంచి ఇంటర్‌ఫేస్ తన ఆసియో డ్రైవర్‌తోని వస్తది. ల్యాప్‌టాప్ చిప్పుకు అది రాదు, ఆసియోఫర్‌ఆల్ అని బయటిది పెట్టుకొని సరిపుచ్చుకోవాలె.

మామ: సప్పుడు గాలిల పోయేది మిల్లీసెకనుకు జానెడు కంటె ఎక్కువ, మూరెడు కంటె తక్కువ. పది మిల్లీసెకన్లంటె పదకొండు అడుగులు. కోలాటంల ఎదురు బదురు నిలబడ్డోళ్ల నడుమ అంత ఎడం ఉండనే ఉంటది, ఎవడన్న తడబడ్డడా?

అల్లుడు: ఎదుటోని డప్పు అంత వెనక వినపడ్డా పర్వాలేదు. తన గొంతే తనకు వెనక వస్తె మనిషి ఆగిపోతడు. ఎముకల నుంచి ఒకటి, హెడ్‌ఫోన్ నుంచి ఒకటి, రెండూ కొట్లాడుకుంటయ్.

మామ: సరే, ఆ పెట్టె మీద మైకు సప్పుడును కంప్యూటర్‌కు పోనియకుంటనే హెడ్‌ఫోన్‌కు పంపే బటన్ ఉంటదని విన్న.

అల్లుడు: ఉంటది. డైరెక్ట్ మానిటర్.

మామ: మరి ఇంత ఆలస్యం పురాణం ఎందుకు చెప్పినవ్? బటన్ నొక్కితె అయిపాయె. ఎకో వేసుకొని వింటనంటె కంప్యూటర్ నుంచి రావాలె గని, నాట్ల పాటకు పాడేటప్పుడు ఎకో ఎందుకు?

అల్లుడు: బటన్ చాలు, ఒప్పుకున్న.

మామ: అసలు నా కొట్లాట ఆ క్లిక్ మీదనే. కిన్నెర మీద పండుగ సాయన్న కథ చెప్పేటాయన ముందు మెల్లగ నడుస్తడు. సాయన్న దొరికే కాడికి వచ్చేసరికి వేళ్లు ఉరుకుతయ్, గొంతు ఉరుకుతది. కథనే తాళాన్ని గుంజుకపోతది. నువ్వు చెవుల టిక్ టిక్ పెట్టి దాన్ని ఒక్క తీరుగ నడవమంటె, ఆయన కథ చెప్పడు, లెక్క పెడుతడు. కిన్నెరగాడు పాడుతనే వాయిస్తడు. ముందు కిన్నెర వాయించు, తర్వాత గొంతు పాడు అంటె రెండూ చెడుతయ్.

అల్లుడు: మామా, క్లిక్ లేకుంటె నేను పాట కింద ప్యాడ్లు ఎట్ల వేస్త? డాన్స్ వీడియో ఎట్ల కోస్త? మన దిక్కు యూట్యూబ్‌ల లక్షల మంది చూస్తున్న జానపదాలు చానామట్టుకు ట్రాక్ మీద పాడినవే. పాడే పిల్లలకు అదే బతుకుదెరువు. పాతదాన్ని పాతగనే ఉంచాలంటె వినేటోళ్లు నువ్వూ నేనే మిగులుతం.

మామ: ఆ పిల్లల పాటలకు క్లిక్ పెట్టుకో, కాదంటలేను. ముసలోళ్ల పాటకు పెట్టకు. నేనడిగేది అంతే.

అల్లుడు: పెట్టను. గని అప్పుడు చూడు, నీ పద్ధతికే పెట్టె ఎక్కువ కావాలె. ఒకటొకటిగ పాడిస్తె ఒక్క మైకు సాకెట్ ఉన్నా నడుస్తది. పాడుతనే వాయించేటాయన్ను పట్టాలంటె ఒక్క క్షణంల రెండు మైకులు, రెండు ట్రాకులు తప్పయ్. నా డాన్స్ పాటకు ఆలస్యం తగ్గాలె, నీ కిన్నెరకు సాకెట్లు పెరగాలె.

మామ: అట్లయితె నలుగురు ఒగ్గు కథోళ్లు, డోలు, తాళం వస్తె ఏం చేస్తవ్? ఎనిమిది సాకెట్లది కొంటవా?

అల్లుడు: అంత స్తోమత లేదు. రెండింటిదే పది పదిహేను వేల దాక పోతది.

మామ: కొనకు. అప్పుడు నా మిక్సర్ తెస్త. ఆరు మైకులు నేను కలిపి, రెండు వైర్లు నీ పెట్టెకిస్త. వాళ్ల తీరు నాకెరుక, కలుపుడు నాకొదిలిపెట్టు. ఒక్కటే చూడు, పెట్టె మీది సాకెట్ మైకునూ లైన్‌నూ రెంటినీ తీసుకోవాలె.

అల్లుడు: కాంబో సాకెట్లుంటయ్, నడుమ పెద్ద పిన్ను, చుట్టూ మూడు పిన్నులు. లైన్ బటన్ ఉంటది. పొద్దుగాల నుంచి కొనద్దంటివి, ఇప్పుడు సాకెట్ చూసి తెమ్మంటున్నవ్. ఏంది కథ?

మామ: లైన్ అన్నవు గద, అందుకు. నా ట్రంకు పెట్టెల నలభై క్యాసెట్ల దాక ఉన్నయ్. ఇరవై ఏండ్ల కింది కథలు. పాడినోళ్లల్ల సగం మంది లేరు. ల్యాప్‌టాప్‌కు ఎక్కియ్యాలని ఒకసారి చూసిన, మోనో సాకెట్ల పగిలి వచ్చింది, విడిచిపెట్టిన.

అల్లుడు: ఈ మాట ముందే చెప్పకపోతివి! డెక్కు లైన్ అవుట్ నుంచి పెట్టె లైన్‌కు రెండు వైర్లు, అంతే. పాత రికార్డులు దాచే భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐయాసా కూడ తక్కువల తక్కువ 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్లల్ల పెట్టమంటది. పెద్ద భాండాగారాలు 96ల పెడుతయ్. నీ క్యాసెట్ల కోసం నేను కూడ 96 పెడుత. ఒక్కసారే చేసే పని, మల్ల ఆ టేపు తిరుగుతదో లేదో. 192 అడిగినందుకు నవ్వినవ్, 96 మాత్రం నీ కోసమే.

మామ: నాకు పట్టింపు లేదు, జాగ నీది. గని టేపు పెట్టి బటన్ నొక్కితె అయితదనుకోకు. రికార్డు చేసిన డెక్కు వేరు, వాయించే డెక్కు వేరు. హెడ్ పక్క చిన్న స్క్రూ ఉంటది. టేపు తిరుగుతుంటె సన్న స్క్రూడ్రైవర్‌తోని దాన్ని వెంట్రుకవాసి తిప్పాలె. మూసుకపోయినట్టున్న గొంతు ఒక్కసారి తెరుసుకుంటది, తాళాల గజ్జెల సప్పుడు బయటికొస్తది. అక్కడ ఆపాలె. ఇంకింత తిప్పితె మల్ల మూసుకుంటది. ప్రతి క్యాసెట్‌కు వేరే తిప్పాలె. ఆ సప్పుడు టేపు మీద ఉండంగనే పట్టకపోతె, నీ 24 బిట్లు కాదు, 48 బిట్లున్నా రాదు.

అల్లుడు: అది నువ్వే చెయ్యాలె. నేను మీటరు చూస్త. మోనోల వింటూ తిప్పితె తేడా బాగ తెలుస్తదంటరు.

మామ: నాకు తెలుసు. ఇప్పుడు నీ అర్ర సంగతి చెప్పు. సిమెంటు గోడలు, పైన రేకులు, నాలుగు దిక్కులా సమానం. చప్పట్లు కొట్టు, టంగుమని మోగుతది. 24 బిట్ల కార్డు తెచ్చి పెడితె ఆ టంగునే 24 బిట్లల్ల పడుతది. గోడకు అట్టలు కొట్టిన, గుడ్ల ట్రేలు కొట్టిన అంటవేమో, అవి పై సప్పుడును జరంత ఆపుతయ్, అడుగు సప్పుడును ఏమీ చేయవు. దసరా దాటినంక మీ చిన్నాయన ఇంట్ల ఏరిన పత్తి అర్రనిండ పోస్తరు గద. ఎప్పుడన్న అందుల నిలబడి మాట్లాడినవా?

అల్లుడు: మాట్లాడిన. మాట నోట్లనే ఉండిపోయినట్టుంటది.

మామ: అదే కావాలె. గోడల పొంటి దిమ్మెలుగ పెట్టిన పత్తిని మించిన స్టూడియో మందు లేదు. పత్తి అమ్మినంక పాత పరుపులు, రజాయిలు, గోడకు జానెడు ఎడం పెట్టి వేలాడదీయి. ఫ్యాన్ బంద్ చెయ్యి. వాన కాలంల రేకుల కింద పని పెట్టుకోకు. పెట్టెకు పదిహేను వేలు పెట్టి పరుపుకు పైసలు లేవంటె నేనొప్ప.

అల్లుడు: ఒప్పుకున్న. మరి సలేశ్వరం జాతరకు పోతె? చైత్ర పున్నమికి లోయల దిగి చెంచోళ్ల పాటలు పట్టాలంటె ఈ పెట్టె, ల్యాప్‌టాప్ మోసుకపోలేం.

మామ: అక్కడికి చేతిల పట్టే రికార్డరే. 32 బిట్ల ఫ్లోట్‌వి ఇప్పుడు చిన్నవే వస్తున్నయట, గెయిన్ తప్పినా పగలయట. అడవిల ఎవలూ నీ కోసం మల్ల పాడరు, అందుకు అది నయం. ఇంట్ల కూసోబెట్టి పట్టేదానికి పెట్టె. రెండింటి పని వేరు. పెట్టెలు చూసి పనులు ఎతుక్కోకు, పని చూసి పెట్టె కొను.

అల్లుడు: అయితె రాసుకుంట. రెండు కాంబో సాకెట్లు. 48 వోల్టుల బటన్. డైరెక్ట్ మానిటర్. 24 బిట్లు, 48 ఉంటె చాలు, 96 ఉంటె నీ క్యాసెట్లకు. సొంత ఆసియో డ్రైవర్. దుకాణంలనే ల్యాప్‌టాప్‌కు పెట్టి, మైకు స్విచ్ ఆపి, గెయిన్ సగం దాటించి పది సెకన్లు పట్టి వినాలె. రంగు లైట్లుంటె వద్దు. ఇంకేమన్న?

మామ: చార్జర్ పెట్టి ఒకసారి, పీకి ఒకసారి వినాలె. అది దుకాణంల బాగనే ఉంటది, ఎందుకంటె కోఠిల ఎర్త్ ఉంటది. నీ ఇంట్ల లేదు. మూడు రంధ్రాల బోర్డు పెట్టిచ్చినవ్, మూడోదాని వెనక వైరే లేదు. నేను విప్పి చూసిన. ల్యాప్‌టాప్ చార్జర్ నుంచి సన్నగ కరెంటు కారి పెట్టెకు వస్తది, పెట్టె నుంచి వైరు పొంటి మైకు జాలీకి వస్తది. గుయ్యిమనుడు అట్లుంచు, చెప్పులు లేకుంట నేల మీద కూసున్న అవ్వ మూతికి మైకు జాలీ తాకి జిల్లుమన్నదనుకో, ఆమె మల్ల రాదు, ఊర్లె ఇంకో అవ్వను రానియ్యదు.

అల్లుడు: అంటె పెట్టె కంటె ముందు గుంత తవ్వమంటవ్.

మామ: పెరట్ల నీళ్లు పడే కాడ తవ్వు. పైపు, బొగ్గు, ఉప్పు నేను తెస్త. వైరింగాయన్ను పిలిచి బోర్డు దాక ఎర్త్ వైరు గుంజిద్దాం. పెట్టె పైసలు నీవి, ఎర్త్ పైసలు నావి.

అల్లుడు: క్యాసెట్ల కోసం పెడుతున్నవ్, నాకు తెల్వదా?

మామ: తెలిస్తె మంచిదే. నా క్యాసెట్లు అయిపోయినంక నీ క్లిక్ పాటలు పట్టుకో.

అల్లుడు: ముందు నా పాట, నెలకొకటి పెట్టకుంటె ఛానల్ నడవది. రాత్రిళ్లు నీ క్యాసెట్లు.

మామ: రాత్రిళ్లైతె ఇంక మంచిది, కరెంటు నిలకడగ ఉంటది. ఇగ లే, గడ్డపార ఆ మూలకున్నది.